ఒక్కయేటి శిక్షకత్వము

జ్యేష్ఠమాస మధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన సిమెంటు క్రీడాంగణము కన్నులకు మిఱుమిట్లు గొలుపుచుండ కాలువ మీదుగా వచ్చు గాలియు వేడినిట్టూర్పువలె వీచుచుండ ఏలూరి మహిళాకళాశాలలో బాస్కెట్‌బాల్ స్తంభముల నీడలు సైతము తమ పాదములయందే ముడుచుకొని పడియుండెను. ఆ వేళ నిరువదియెనిమిదేండ్ల వకుళ కళాశాలాధ్యక్షుని గదిముందు బల్లపై గూర్చుండి పిలుపునకై నిరీక్షించుచుండెను.

ఆమె భీమడోలులో దర్జీపని చేయు నొక గృహస్థుని కూతురు. ఈ కళాశాలయందే రూతమ్మ యను శిక్షకురాలివద్ద బంతి పట్టుట నేర్చి రాష్ట్రజట్టున రెండేండ్లాడి శిక్షకవిద్యయందు పట్టభద్రురాలై తణుకులో నొక పాఠశాలయందును చింతలపూడిలో వేఱొకదానియందును డ్రిల్లు చెప్పి విసిగి గడచిన మూడేండ్లనుండి రూతమ్మకే సహాయురాలై బంతులకు గాలి కొట్టుచు బాలికల చీలమండలకు పట్టీలు చుట్టుచు తనదియగు జట్టు గలుగు దినమునకై యెదురుచూచుచుండెను.

అధ్యక్షుడు లోనికి బిలిచి ముక్తసరిగా నిట్లనియెను.

"మూడేళ్లుగా ఓడిపోతూనే ఉన్నాం. రూతమ్మగారికి ఈ నెలతో విశ్రాంతి ఇస్తున్నాం. జట్టు మీరు చూసుకోండి. ఉత్తరం అందేదాకా ఆవిడతో అనకండి."

వకుళ యొక దినము గడువు గోరెను. ఆ సాయంకాలము రూతమ్మ యెప్పటివలెనే తన సీసాలోని మజ్జిగ సగము లోటాలో బోసి యామె కందించెను. వకుళ త్రాగెను గాని యధ్యక్షుని మాట యామెకు జెప్పలేదు. మఱునాడు పదవి నంగీకరించెను.

ఉత్తరము చేరిన దినమున రూతమ్మ బంతులగది తాళపుచెవులు తెచ్చి బల్లపై నుంచెను.

"నాకు కోపం వాళ్ల మీద కాదమ్మాయ్. ఆ రోజు మజ్జిగ తాగేటప్పటికే నీకు తెలుసుగా?"

"తెలుసండీ."

ముప్పదియేండ్లు త్రొక్కిన యా క్రీడాంగణమును వెనుదిరిగి చూడకయే రూతమ్మ వెడలిపోయెను.

తదనంతర మా యేడు వకుళకు కొండయెక్కుటవలె గడచెను. ఉషఃకాలమున ఈల వేయుటతో నారంభించి సాయంకాలమున గొంతు బొంగురువోవువఱకు తాను నేర్చిన వ్యూహములన్నియు బోధించినను ఆడిన యాఱు పందెములలో నైదింట జట్టు పరాజితమయ్యెను. జట్టునకు వెన్నెముకయైన నాగవేణి యను కొల్లేటి బాలిక యొకనాటినుండి వచ్చుట మానెను. పుష్యమాసపు పోటీలో సెమీఫైనలు చేరనియెడల వేఱొకరిని వెదకికొందుమని యధ్యక్షుడు కబురంపెను.

ఒక యాదివారము ప్రార్థన ముగిసిన పిమ్మట వకుళ రూతమ్మ యింటికేగెను. ఆమె చాపపై గూర్చుండి చింతపండు గింజలు తీయుచుండెను. వకుళయు నెదుట గూర్చుండి యా పనిలో చేయి కలిపెను.

"తప్పు చేశానండీ. ముందే చెప్పాల్సింది."

రూతమ్మ చింతపండు చాపపై నుంచి, "నాగవేణి ఎందుకు మానేసింది?" అని యడిగెను.

"తెలియదండీ."

"ఇంటికెళ్లి అడిగావా?"



మఱునాడే వకుళ బస్సు దిగి కొల్లేటి గట్టువెంట రెండుమైళ్లు నడచి చేపలు ఎండబెట్టుచున్న యా బాలికను కనుగొనెను. నాగవేణి లేచి నిలువబడి మెల్లగా బలికెను.

"మీరొచ్చాక ఒక్కసారీ నా పేరు పెట్టి పిలవలేదు మేడమ్. పొడుగమ్మాయ్ అనేవారు. రూతమ్మగారు మా అమ్మ పేరు కూడా అడిగేవారు."

వకుళ యా గట్టుపైననే గూర్చుండెను. "మీ అమ్మగారి పేరేంటి నాగవేణీ?" అని యడిగెను. "సోమాలమ్మ," అని యా బాలిక చెప్పెను. మూడవనాటి యుదయమున నాగవేణి యాటకు వచ్చెను.

ఆ పోటీలో జట్టు మునుపెన్నడు నాడనట్లాడెను. అయినను క్వార్టర్‌ఫైనలునం దొక్క బుట్ట తేడాతో నోడెను. బాలికలు వకుళ చుట్టును జేరి యేడ్చిరి. వైశాఖమున నామె కొలువు ముగిసినదని యుత్తరము వచ్చెను. జంగారెడ్డిగూడెములో నొక చిన్న పాఠశాల యామెను బిలిచెను. అచ్చట క్రీడాంగణము లేదు.

పయనమగు నాటి యుదయమున బస్టాండునకు రూతమ్మ వచ్చి యిడ్డెనల పొట్లము చేతిలో బెట్టి ప్రక్కన గూర్చుండెను.

"మొదటేడు నేను ఒక్క ఆటా గెలవలేదమ్మాయ్. అప్పుడు నన్నెవరూ తీసెయ్యలేదు. నా గొప్పేం లేదు. అంతే తేడా."

వకుళ యామె భుజమునకు తల యానించెను. విద్యను శిష్యునకీయవచ్చును గాని సహనముతో వేచియుండు కాలమును గురువైనను ఈయజాలదు. దానిని లోకమే యీయవలెను. లోక మందఱకు నీయదు. బస్సు కదలెను. ఏటిగట్టు దాటునప్పటికి తొలకరి చినుకులు కిటికీపై బడసాగెను. వకుళ పొట్లము విప్పి యొడిలో నుంచుకొని యాకలి లేకున్నను మెల్లమెల్లగా దినుచుండెను.