చప్పట్ల కోసం వదిలిన జాగా

తప్పు నాదే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, అంతమంది వాయిద్యకారుల్ని నడిపిస్తూ ముందు కర్ర పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేనే కదా.

మా చెల్లెలు నివెస్ గొంతులో కంతి ఉందని డాక్టరు తేల్చేశాడు. సోమవారం ఆపరేషన్. ఆ తరవాత మాట వస్తుందట, పాట మాత్రం రాదట. శనివారం ఉత్తర ఐరోపాలో ఒక ఊళ్ళో ఈ అంతర్జాతీయ పాటల పోటీ. దేశానికొక పాట. ఇటలీ తరఫున మాది, నేను కట్టిన నిదానమైన విరహగీతం. గెలుస్తానని నివెస్‌కి ఆశేం లేదు. "ఒరెస్తే అన్నయ్యా, ఒక్కసారి జనం నా పాటకి చప్పట్లు కొడితే చాలు. ఆ మోత చెవుల్లో పెట్టుకుని ఆపరేషన్ బల్లెక్కేస్తాను," అంది విమానంలో.

మా దేశంలో పాట పూర్తయ్యేదాకా ఎవడాగుతాడు? గాయని పైస్వరం అందుకుందంటే చాలు, హాలంతా 'బ్రావా!' అని అరుస్తుంది. అందుకే రెండో చరణం చివర, పైస్వరం తరవాత కాస్త జాగా వదిలి కట్టాను. చప్పట్లు సద్దుమణిగాక నేను కర్ర ఎత్తాలి, తను చివరి చరణం అందుకోవాలి. మా ఊళ్ళల్లో పాడినప్పుడల్లా అలాగే జరిగింది.

శనివారం ఉదయం ఖాళీ హాల్లో రిహార్సల్. ఆ ఊరి వయొలిన్ ముసలాయన, ఆర్విడ్, నన్నడిగాడు.

"ఇక్కడెందుకండీ ఆగడం?"

"చప్పట్లకి."

"మావాళ్ళు పాట అయ్యేదాకా కిక్కురుమనరండీ. మధ్యలో కొట్టడం అమర్యాద."

"మా చెల్లెల్ని విననివ్వండి ముందు. చేతులు వాటంతటవే లేస్తాయి!"

నా పొగరు తగలెయ్య! నివెస్‌కి ఒక్క ముక్క చెప్పానా? చెప్పలేదు.

సాయంత్రం ఎంత బాగా పాడిందని! పైస్వరం అందుకుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆగింది. నేనూ ఆగాను.

నిశ్శబ్దం. ఒక్క దగ్గు కూడా లేదు.

నివెస్ నా వైపు చూసింది. చిన్నప్పుడు మా కియోజ్జా ఊరి కాలవలో మునిగిపోతూ ఇలాగే చూసింది. ఎత్తరా వెధవా, కర్ర ఎత్తరా అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు కొడతారు, ఇదిగో కొడతారు అని కొయ్యబారి నిలబడ్డాను. తీరా ఎత్తేసరికి తను తెరచాటుకి పారిపోయింది. చివరి చరణం వయొలిన్లే పలికాయి.

పాట అలాగే ముగుస్తుందనుకున్నారో ఏమో, ఆఖరి స్వరం ఆగగానే హాలు హాలంతా లేచి నిలబడింది. మడోన్నా మాతా, ఏం చప్పట్లవి! ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. నేను కర్ర పారేసి లోపలికి పరిగెత్తాను.

నివెస్ తెర వెనక వసారాలో నేలమీద కూలబడి, రెండు చెవులూ మూసుకుని ఏడుస్తోంది. చేతులు బలవంతాన లాగాను.

"విను, పిచ్చిదానా! విను!"

కాసేపు విన్నది. ముక్కు తుడుచుకుంది.

"తరవాతివాళ్ళు వచ్చేశారా? అదృష్టవంతులు."

"నీకేనే! అమ్మ మీద ఒట్టు, అవి నీకే!"

"చిన్నప్పుడూ ఇలాగే అబద్ధాలాడి నా ఏడుపు మాన్పించేవాడివి," అని నా చెంప నిమిరింది. "పద అన్నయ్యా, ఆకలేస్తోంది."

నేనింకా ఒట్లు పెడుతూనే ఉన్నాను. హాల్లో చప్పట్లు ఆగిపోయి, పోర్చుగల్ అమ్మాయి పాట మొదలైంది.