పోచంపాడ్‌లో తీసిన మచ్చు

మొదట నా చేతిలో ఉన్నవి మూడు. డిసెంబరులో ముంబై నుంచి గోవా దాకా వెళ్లి వచ్చే ఓడలో నలుగురు పడుకునే గది ఒకటి. ఆ గదికి పేర్లు ఇవ్వడానికి పది రోజుల గడువు. మా అవ్వ, అంటే మా అమ్మ, చెప్పిన ఒక్క మాట, "సరే బిడ్డా, వస్త" అని.

మూడోదే అన్నిటికంటే కష్టంగా దొరికింది. దాన్ని సంపాదించింది నేను కాదు, నా కూతురు వర్ష. నాలుగో తరగతి చదువుతోంది. పుట్టినప్పటి నుంచీ నానమ్మ పక్కనే పడుకుంటుంది. నానమ్మ రాకపోతే తనూ రానంది. నాలుగు రోజులు ఫోన్‌లో ఓడ బొమ్మలు చూపించి ఆమెను ఒప్పించింది.

"ఇంత పెద్ద బిల్డింగు నీళ్ల మీద ఎట్ల నిలవడ్తదే?" అని అడిగింది అవ్వ.

"నిలవడది నానమ్మా, నడుస్తది."

"తాగే నీళ్లు వాళ్లే ఇస్తరా? మనమే బిందెల మోసుకపోవాల్నా?"

వర్ష నవ్వీ నవ్వీ మంచం మీద పడిపోయింది. అవ్వ కూడా నవ్వి, సరే అంది.

నిజామాబాద్ మార్కెట్ యార్డులో నాకు అడ్తి దుకాణం ఉంది. రైతులు తెచ్చిన పసుపును కొనేవాళ్లకు చూపించి ధర కుదర్చడం నా పని. ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాను. అందులో నాకు బాగా వచ్చిన విద్య మచ్చు చూడడం. సంచిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక కొమ్ము తీసి, విరిచి, లోపలి రంగు చూసి సరుకు సంగతి చెప్పేస్తాను.

ఓడ ప్రయాణం మా యార్డు వాళ్లు అనుకున్నదే. ఐదు కుటుంబాలం కలిసి వెళ్తున్నాం. ముందు నిలబడి ఏర్పాట్లు చూస్తున్నది భానుప్రసాద్. నాకంటే పెద్ద దుకాణం అతనిది. పోయిన ఏడాది బోధన్‌లో ఒక పెళ్లికి మమ్మల్ని తన కొత్త కారులో ఎక్కించుకున్నాడు. ఎడపల్లి దాటాక అవ్వ కారులోనే కక్కుకుంది. అప్పుడు భానుప్రసాద్ ఏమీ అనలేదు. మర్నాడు యార్డులో నలుగురి ముందు అన్నాడు, "రాజారాం అన్నా, మీ అవ్వను ఎక్కించుకున్నంక కారంత పసుపు నీళ్లు చల్లుకున్న." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు మా గదిలో నాలుగో పేరు ఎవరిదో విని మళ్లీ అన్నాడు. "అవ్వనా? కారంటే కడుక్కున్నం. సముద్రాన్ని ఎవడు కడుగుతడన్నా?"

అప్పుడూ నవ్వాను. కానీ ఆ రోజు నుంచి నా మనసులో ఒకటే తిరిగింది. మూడు రాత్రులు, ఐదు కుటుంబాలు ఒకే చోట కూర్చుని తినే తిండి, మధ్యలో అవ్వ.

ఆమె పేరు సూటిగా కొట్టేయలేను. నా భార్య జ్యోతిరాణి ఎందుకని అడుగుతుంది. వర్ష ఏడుస్తుంది. ఎవరూ వేలెత్తి చూపలేని కారణం ఒకటి కావాలి. యార్డులో సరుకు వద్దనుకున్నవాడు వద్దని చెప్పడు. మచ్చు తీస్తాడు. లోపం వెతకాలనుకున్నవాడికి పదో కొమ్ములోనైనా దొరుకుతుంది.

టికెట్లు తీసే నాగేందర్ మంచివాడు. అవ్వకు ప్రయాణం పడదని చెబితే ఆ మాటను లెక్కలోకే తీసుకోలేదు. "దానికేమున్నదన్నా, ఎక్కేముందు ఒక గోలి ఇస్తె సరిపాయె. మా అమ్మకు గదే ఇచ్చి కాశీ దాక తీస్కపోయిన. డాక్టర్ను ఒక్కసారి అడుగుండ్రి" అని ఆ గోలీ పేరు చీటీ మీద రాసి ఇచ్చాడు. చీటీ జేబులో పెట్టుకున్నాను. డాక్టర్ దగ్గరికి పోలేదు. గోలీ కొనలేదు.

ఆదివారం జ్యోతిరాణి నవీపేట్‌లో వాళ్ల అమ్మగారింటికి వెళ్లింది. నేను అవ్వనీ వర్షనీ పోచంపాడ్ ప్రాజెక్టుకు తీసుకెళ్తానన్నాను. చేపలు తిందాం, పడవ ఎక్కుదాం, ఓడకు ముందు అలవాటవుతుంది అని చెప్పాను. అవ్వ ఉతికిన చీర కట్టుకుని ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. వర్ష ఎండకు టోపీ పెట్టుకుంది.

బయల్దేరే ముందు వర్షను పక్కకు పిలిచాను.

"పడవల నానమ్మ పక్కన కూర్చో. కడుపుల తిప్పుతదా, కక్కుతదా, చూసి నాకు చెప్పు."

"ఎందుకు డాడీ?"

"ఓడకు పనికొస్తదో లేదో తెలుస్తది."

"పనికి రాకపోతే?"

"చూద్దాం" అన్నాను.

మేము వెళ్లేసరికి జలాశయం నిండుగా ఉంది. గాలి వీస్తోంది. చేపలు పట్టే లింబయ్య తన ఇంజిన్ పడవలో మమ్మల్ని తిప్పడానికి ఒప్పుకున్నాడు. అవ్వ చెయ్యి పట్టి జాగ్రత్తగా ఎక్కించాడు.

"ఏ ఊరవ్వా మీది?"

"మోస్ర."

"మోస్రనా? మా మేనత్తను ఆడికే ఇచ్చిండ్రు. మీ ఊరోళ్లకు నీళ్లంటె భయం గదా."

"నీళ్లంటె కాదు కొడుకా, నడిపేటోణ్ని సూస్తె భయం" అంది అవ్వ. లింబయ్య నవ్వాడు.

అవ్వ, వర్ష ముందు పలక మీద కూర్చున్నారు. నేను వెనక, లింబయ్య పక్కన. గట్టు వెంబడి ఒక చుట్టు తిరిగాం. అవ్వ కొంగు తలమీద కప్పుకుని, రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఒక చెయ్యి వదిలి వర్షకు దూరంగా ఎగిరే పక్షులను చూపించింది. "బస్సు కంటె గిదే నయమున్నది" అని నా వైపు తిరిగి చెప్పింది.

అప్పుడు నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు రాయాలి. కుదిరిన బేరం చేజారినప్పుడు ఎలా ఉంటుందో అలా అనిపించింది.

లింబయ్యతో మెల్లగా అన్నాను, "ఇంకొంచెం లోపలికి పోనీ. అలలున్న దిక్కు."

"గాలి మర్లింది అన్నా. ముసలమ్మ ఉన్నది."

"ఏం కాదు, పోనీ." పడవను అడ్డంగా ఊపమన్నట్టు చేత్తో సైగ చేశాను.

అతను నా ముఖంలోకి ఒకసారి చూసి పడవ తిప్పాడు. అలలు పక్క నుంచి కొట్టడం మొదలైంది. పడవ లేచి పడుతోంది. వర్ష మొదట కేరింతలు కొట్టింది, తర్వాత మానేసింది. నాకు అవ్వ వీపు ఒక్కటే కనిపిస్తోంది. భుజాలు ఒకసారి పైకి లేచాయి, దిగాయి. మళ్లీ లేచాయి. వర్ష జరిగి ఆమెకు ఆనుకుని కూర్చుంది. ఇద్దరి తలలూ ఒకచోట వంగాయి. కాసేపు అలాగే ఉన్నారు.

"ఏమైంది?" అని అరిచాను.

"ఏం కాలే డాడీ. నానమ్మ చేపను చూపిస్తున్నది" అంది వర్ష, తల తిప్పకుండా.

ఒడ్డుకు వచ్చాక లింబయ్య అవ్వను దించి, కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్లిచ్చాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి ఆమెకు వినపడకుండా అన్నాడు. "పిల్లలను నవ్వించనీకె పడవ ఊపుమంటరు గిరాకీలు. ముసలోళ్లున్నరు ఊపు అన్నోణ్ని నిన్నే సూసిన అన్నా."

నేను వర్ష దగ్గరికి వెళ్లాను. "చెప్పు. కక్కిందా?"

"కక్కలే. తల గుడ తిరగలే. నానమ్మ మస్తు మంచిగున్నది."

"నీ టోపీ ఏది?"

"నీళ్లల్ల పడ్డది."

కన్ను ఆర్పకుండా చెప్పింది. సంచి అడుగున తడి పసుపు పెట్టి, అంతా ఎండిన సరుకేనని చెప్పే రైతుల ముఖాలు నేను వేలల్లో చూశాను. ఆ ముఖం నా కూతురికి ఉండడం అదే మొదటిసారి చూశాను. దానికి తొమ్మిదేళ్లు. అలాంటి ముఖం పెట్టక తప్పని పరిస్థితి తెచ్చిపెట్టింది నేను.

హోటల్లో అవ్వ చేప ముట్టలేదు. ఆకలి లేదంది. తిరుగు దారిలో వర్ష వెనక సీట్లో ఆమె ఒడిలో నిద్రపోయింది. ఇంకా ఎండ ఉంది. రోడ్డు మీద ట్రాక్టర్లు వరుసగా వెళ్తున్నాయి.

"మచ్చు మంచిగ అచ్చిందా?" అంది అవ్వ.

"ఏం మచ్చు అవ్వా?"

"నీ బాపు, నేను మోస్ర నుంచి యార్డుకు ఎన్నోసార్లు పసుపు తెచ్చినం. నువ్వు బండి మీద పండుకుని అచ్చేటోనివి. కొనేటోడు సంచిల చెయ్యి పెట్టంగనె నాకు ఎరుకయ్యేది, వీడు కొననీకె అచ్చిండా, ఎల్లగొట్టనీకె అచ్చిండా అని. పడవల నీ చెయ్యి నీడ నా ముందల పలక మీద పడ్డది. ఊగింది. సూసిన."

నేను కారు నడుపుతూనే ఉన్నాను.

"రెండుసార్లు గొంతుదాక అచ్చింది, మింగిన. గా పడవాయన ముందల, పిల్ల ముందల నువ్వు తక్కువ కావద్దని. మూడోసారి ఆగలే. పిల్ల టోపీ పట్టింది." ఆమె వర్ష జుట్టు సవరించింది. "నేను వద్దంటె ఇనలే. డాడీకి చెప్తె నిన్ను తీస్కపోడు అన్నది. గదంత నువ్వే చెప్పినవట గదా."

కారు పక్కకు ఆపాను. గోలీ సంగతి చెప్పాను. చీటీ జేబులోనే ఉందని, కావాలనే కొనలేదని చెప్పాను. ఆమె కక్కుకోవాలనే నేను కోరుకున్నానని చెప్పాను. భానుప్రసాద్ మాటలు కూడా చెప్పాను.

"ఆయన అన్నప్పుడు నువ్వు నవ్వినవా?"

"నవ్విన."

"రెండుసార్లు?"

"రెండుసార్లు."

ఆమె వర్ష తలను ఒడిలో సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఇల్లు చేరాక వర్షను తనే లేపి లోపలికి తీసుకెళ్లింది.

మర్నాడు డాక్టర్ని కలిసి అవ్వ వయసు, ఆమె వేసుకునే మందులు చెప్పి ఆ గోలీలు తెచ్చాను. అవ్వ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. పక్కన పెట్టాను.

"నువ్వు రావాలె అవ్వా. ఉట్టిగ అంటలేను."

"వస్త. నీ కోసం గాదు. పిల్లకు మాటిచ్చిన." చిక్కుడుకాయ ఈనె తీసి పడేసింది. "గని ఒకటి ఇను. ఆడ మీ భానుప్రసాద్ ముందల నాకేమన్న అయితె, గీమె ఎవలి అవ్వ అని ఎవలన్న అడిగితె, నా అవ్వ అని నువ్వు చెప్పకు. వర్ష నానమ్మ అని చెప్పు. నీ ఇజ్జత్ పోదు."

ఆమె గొంతులో కోపం లేదు. ధర తెగాక రైతు చెప్పే మాటలా ఉంది, ఇక దాని మీద బేరం లేనట్టు.

"నా అవ్వనే అని చెప్త" అన్నాను.

ఆమె తుంచిన కాయలు చాటలోకి ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం వర్షతో చెప్పాను, నానమ్మ వస్తోందని. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. పుస్తకం మూసి నా వైపు చూసింది.

"మరి నేను గుడ పాసైన్నా డాడీ?"

"నీకెవరు పరీక్ష పెట్టిండ్రు?"

"ఏమో" అంది.

శనివారం నాగేందర్‌కు నాలుగు పేర్లు ఇచ్చాను. రాజారాం, జ్యోతిరాణి, వర్ష, రేణుకమ్మ. అదే రోజు యార్డులో భానుప్రసాద్ ఎదురై, "ఏమాయె అన్నా, నాలుగో పేరు కొట్టేసినవా?" అని నవ్వాడు.

"లేదు, అవ్వ వస్తది" అన్నాను. ఈసారి నవ్వలేదు. ఇంకా రెండు మాటలు అనాల్సింది. పొద్దున్నుంచి మనసులో సిద్ధం చేసుకున్నాను కూడా. నోట్లోంచి రాలేదు. అతను నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

లెక్క తేలింది. నాలుగు పేర్లతో మొదలుపెట్టాను, ఆ నాలుగు పేర్లతోనే ముగించాను. కాగితం చూసినవాడికి ఏమీ పోలేదనే అనిపిస్తుంది. అవ్వకు నేను ఉన్నట్టుండి పరాయివాణ్నయ్యాను, ఆమె ఆ మాట నాకు మర్యాదగానే చెప్పింది. నా కూతురికి నా ముందు అబద్ధం ఆడడం వచ్చింది, అదీ మంచి పని కోసం. వచ్చిన లాభం ఒక్కటే. అవ్వ ఓడ ఎక్కుతోంది. దాన్నీ సంపాదించింది వర్ష. నా వంతుకు ఏమీ రాలేదు.