పదిహేడో ప్రశ్న

మా బిల్డింగు నాలుగంతస్తులు. ఎంత ఎత్తో చెప్పనా? పొద్దున్నే పైనుంచి బకెట్టు నీళ్ళు పారబోస్తే అవి నేలకి చేరేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. దారిలో నాలుగు పిట్టలు స్నానం చేసి, తల ఆరబెట్టుకుని, పిల్లల్ని పిలుచుకొచ్చి వాళ్ళకీ పోస్తాయి. నమ్మకపోతే మానెయ్యండి. మా అమ్మాయి కూడా నమ్మదు.

ఆ బిల్డింగులో అందరూ చదివినోళ్ళే. చదవనోణ్ణి నేనొక్కణ్ణే. నాకు అంకెలొచ్చు, అక్షరాలు రావు. గది నెంబరు చూసి తుడవడానికి అంకెలు చాలు కదా. నా పని నేల తుడవడం, అద్దాలు తుడవడం, శుక్రవారం శుక్రవారం పనికిరాని కాయితాల్ని మిషన్లో వేసి పీలికలు చెయ్యడం. ఆ మిషను ఎంత పదునైందంటే ఒకసారి నా నీడ అంచు అందులో పడి ఇప్పటికీ ఎండలో చూస్తే నా నీడకి ఎడమ చెయ్యి పొట్టిగా ఉంటుంది.

ఓ ఏడాది ఈ చదివినోళ్ళందరికీ ఒకేసారి ఒకే ధ్యాస పట్టింది. నాన్న అంటే ఏంటి? నాలుగంతస్తులూ దాని మీదే పడ్డాయి. అమ్మల గురించి అంతకుముందే తేల్చేశారంట, ఇక మిగిలింది మేమే.

కింద చేపల మేడమ్. ఆవిడ గాజుతొట్లో వేలెడంత చేపలుంటాయి. ఆడది గుడ్లు పెట్టేసి తన దారిన తను పోతుంది. మగాడు ఆ గుడ్లన్నీ నోట్లో పెట్టుకుంటాడు. పిల్లలయ్యేదాకా తిండి తినడు, నోరు పెద్దగా తెరవడు.

"నిజంగానా మేడమ్? నా కథల్లో కూడా ఇంత లేదే!"

"మీ కథలకంటే మా చేపలే నయం పెద్దాయనా. ఇవి కోతలు కొయ్యవు."

"నోటినిండా పిల్లలుంటే కోతలెలా కోస్తాయి మేడమ్!"

ఆవిడ నవ్వింది. నవ్వి, తొట్లో మేత వేస్తూ మామూలుగా అంది: "ఒక్కోసారి బెదిరితే మింగేస్తాడు."

"దేన్ని?"

"గుడ్లని. కాపాడ్డానికి నోట్లో పెట్టుకున్నవాటినే."

ఆ రోజు ఆ తొట్టిని రెండుసార్లు తుడిచాను.

దాని పైన ఉమ్మి డాక్టరు. నాన్నలందర్నీ వరసగా కూర్చోబెట్టి గొట్టంలోకి ఉమ్మించేవాడు. పసిబిడ్డని ఎత్తుకున్నాక మగాడి ఒంట్లో ఏదో తగ్గుతుందంట, ఏదో పెరుగుతుందంట. నేనూ ఉమ్మాను. మూడు గొట్టాలు నింపి, ఇంకోటి ఇమ్మన్నాను. "చాల్లేవయ్యా, నువ్వు నిలువునా నాన్నవే" అన్నాడు. ఆ మాటకి వారం రోజులు చీపురు ఊపుకుంటూ తిరిగాను.

మూడో అంతస్తులో ఎముకల సారు. ఎప్పుడో పోయినోళ్ళ ఎముకలు బల్ల మీద పరిచి, ఈయన బరువులు మోశాడు, ఈవిడకి పన్నునొప్పి ఉండేది అని చెప్పేస్తాడు. "మరి ఈయనకి పిల్లలున్నారా సారూ?" అనడిగా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అదొక్కటే తెలీదు. మనిషి తండ్రా కాదా అనేది ఎముకకి పట్టదు" అన్నాడు.

చూశారా, నిలువునా నాన్ననని కింద సర్టిఫికెట్టు ఇచ్చారు, ఒక్క అంతస్తు ఎక్కేసరికి కొట్టిపారేశారు.

మా అమ్మాయి సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ళది. కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీసే పని. చిన్నప్పుడు పిచ్చుకా అని పిలిచేవాణ్ణి, అంత వాగేది. మావి రెండు గదులు. ముందుగదిలో నేను, వెనకగదిలో తను. నా కంచంలో అన్నం పెట్టి, మూతేసి, లోపలికి పోతుంది. "తాళం." "నీళ్ళొచ్చాయి." "రేపు సెలవు." మా ఇంట్లో పదకొండేళ్ళుగా ఇవే మాటలు. మా గోడలు కూడా మాటలు మర్చిపోయి పగుళ్ళిచ్చాయి.

తనకి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ ఆస్పత్రిలో పడింది. ఇరవైరెండు రోజులు. నేను అక్కణ్ణుంచి ఇంటికొచ్చి దీనికి కథలు చెప్పేవాణ్ణి. అమ్మ ఊపిరితిత్తుల్ని బయటికి తీసి ఎండలో ఆరేశారమ్మా, తెల్లగా ఉతికి ఇస్త్రీ చేసి మళ్ళీ పెడతారంట. అక్కడి నర్సులు చేతుల మీద నడుస్తారు, కాళ్ళతో సూదులేస్తారు. అది పడీపడీ నవ్వేది. "నేనూ వస్తా నాన్నా" అంటే, "ఏడో అంతస్తమ్మా, పిల్లలకి కళ్ళు తిరుగుతాయి" అనేవాణ్ణి. అక్కడ వాళ్ళమ్మ రోజూ అడిగేది, పిల్లని తీసుకురా అని. "దానికి పరీక్షలే, అయిపోగానే తెస్తా" అనేవాణ్ణి. ఇద్దర్నీ కాపాడుతున్నాననుకున్నాను. అటొక కథ, ఇటొక కథ. మధ్యలో నేను బస్సులో.

ఇరవైరెండో రోజు నేను ఇంటికి రాకముందే పక్కింటావిడ చెప్పేసింది దానికి. గడపలో నిలబడి, "ఏడో అంతస్తు లేదంటగా నాన్నా, ఆ ఆస్పత్రికి రెండే అంతస్తులంటగా" అంది. అంతే. ఆ తర్వాత నాన్నా అనలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఏడాదే ఓ నెల మొదట్లో కంచం మీద మూత పెడుతూ అంది: "నెలాఖరుకి వెళ్తున్నా. కొట్టు వాళ్ళ ఇంకో బ్రాంచికి. గది చూసుకున్నా." ఇన్ని మాటలు ఒకేసారి విని, ఏం చెప్పిందో అర్థమయ్యేలోపు సంతోషపడ్డాను. అంత వెధవని.

పై అంతస్తులో అద్దం మేడమ్ ఉంటుంది. ఆవిడ గదికి ఒక అద్దం. ఇటునుంచి మన మొహం కనపడుతుంది, అటునుంచి వాళ్ళకి మనం కనపడతాం. రెండువైపులా తుడిచేది నేనే కాబట్టి నాకు దాని గుట్టంతా తెలుసు. నాన్ననీ ఎదిగిన బిడ్డనీ పిలిచి, విడివిడిగా కూర్చోబెట్టి, ఒకే ఇరవై ప్రశ్నలు ఇద్దర్నీ అడుగుతుంది. అవయ్యాక ఇద్దర్నీ ఆ అద్దం ముందు ఎదురెదురుగా కూర్చోబెట్టి, పది నిమిషాలు మాట్లాడుకోమంటుంది.

పది నిమిషాలు! నాకు ఇంకేమీ వినపడలేదు.

"మేడమ్, నేనూ నాన్ననే. కావాలంటే ఉమ్మి డాక్టర్ని అడగండి."

"మీ అమ్మాయి వస్తుందా బాబాయ్?"

"నేను పిలిస్తే రాదు. మీరు పిలవండి."

ఆవిడే ఫోన్ చేసింది. నువ్వు చెప్పేది మీ నాన్నకి ఎప్పటికీ తెలీదమ్మా, అది నా మాట, అంది. దానికి మా పిచ్చుక సరే అంది.

ముందు నన్ను అడిగారు. మంచి కుర్చీ, ఎదురుగా మంచి మనిషి, నేను చెప్పేదల్లా నీలం పెన్నుతో రాసుకుంటోంది. నా జన్మలో నా మాట ఒకరు రాసుకోవడం అదే మొదలు. ఇంక చూడండి నా నోరు! పిల్ల బడికి ఎవరు తీసుకెళ్ళేవారు? నేనే, భుజాల మీద, వానాకాలం ఈదుకుంటూ. జ్వరమొస్తే? నేనే, మూడు రాత్రులు కన్ను మూయకుండా, దాని ఒంటి వేడికి నా చొక్కా కాలింది. ఇష్టమైన రంగు? నాకు తెలీదు. ఎరుపన్నాను. ఆవిడ నవ్వుతూ రాస్తోంది, నేను పోస్తున్నాను.

పదిహేడో ప్రశ్న అడిగేటప్పుడు ఆవిడ నవ్వలేదు. "పిల్ల జీవితంలో అన్నిటికంటే చెడ్డ వార్త ఏంటి? అది తనకి ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు?"

"వాళ్ళమ్మ పోవడం" అన్నా. "నేనే చెప్పాను. ఒళ్ళో కూర్చోబెట్టుకుని. ఉన్నదున్నట్టు. అంతకుముందు రోజే తీసుకెళ్ళి చూపించాను కూడా. వాళ్ళమ్మ దీని జుట్టు దువ్వింది, రెండు జడలేసింది."

ఆ జడలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలీదు. పదకొండేళ్ళ నుంచి లోపల అల్లుకుంటూ ఉన్నానేమో. మేడమ్ నీళ్ళిచ్చింది.

తర్వాత మా అమ్మాయి వెళ్ళింది. కొట్టు నుంచి నేరుగా వచ్చింది, ముంజేతుల మీద అద్దాల పొడి తెల్లగా ఉంది. తలుపు మూశారు. నేను వసారా తుడుస్తున్నాను. ఆ చివర నుంచి ఈ చివరికి, మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరికి. మాటలు వినపడవు, గొంతు వినపడుతుంది. ఆగకుండా. ఒకచోట పైకి లేచింది, ఒకచోట బాగా కిందికి పోయింది. ఎప్పుడు మారిందో, అచ్చం వాళ్ళమ్మ గొంతు. నేను తుడుపుగుడ్డ కర్ర పట్టుకుని గోడకి ఆనుకున్నాను. పిల్లకి మాట పోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. పోలేదు, దాచుకుంది.

నలభై నిమిషాలయ్యాక బయటికొచ్చి బల్ల మీద కూర్చుంది, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని. నేను అవతలి చివర నిలబడ్డాను. పది నిమిషాలకి ఏం మాట్లాడాలో మనసులో సర్దుకుంటున్నాను. ఒక్క కథ కూడా పెట్టుకోలేదు, ఒట్టు.

లెక్కల సారు రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఆయన అన్ని అంతస్తులకీ లెక్కలు చూస్తాడు. బయటికొచ్చి నన్ను పక్కకి పిలిచాడు.

"ఏమయ్యా, ఇరవైలో రెండు కలిశాయి. ఎన్ని గదుల ఇల్లు, వాళ్ళమ్మ పోయిన ఏడాది."

"మిగతావి కలవకపోతే ఏమవుతుంది సారూ?"

"పదైనా కలవాలి. లేకపోతే జంటనే తీసేస్తాం. ఎవరు నిజమో మాకేం తెలుసు? ఇద్దరివీ పోతాయి."

"పోతే పోనీండి. ఆ పది నిమిషాలు ఇస్తారుగా?"

"అది మిగిలిన జంటలకే."

అద్దం మేడమ్ గుమ్మంలో నిలబడి ఉంది. నాకేసి చూడలేకపోయింది. "ఆ అమ్మాయి కూర్చుంటానంది బాబాయ్" అంది మెల్లగా. "పది నిమిషాలూ కూర్చుంటానని తనే అడిగింది."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నా జన్మంతా అతికించాను. అతకాల్సిన రోజునే అతకలేదు.

సారు వెళ్ళి మా అమ్మాయికి కూడా చెప్పాడు, సమాధానాలు కలవలేదమ్మా, ఇక వెళ్ళొచ్చు అని. అది లేచి బ్యాగు భుజానికేసుకుంది. వసారా అంతా నడిచి నా ముందుకొచ్చి ఆగింది. నేల ఇంకా తడిగా ఉంది.

"పదిహేడో ప్రశ్నకి ఏం చెప్పావు నాన్నా?"

నాన్నా అంది. విన్నారా? పదకొండేళ్ళకి.

నాకు నోటిదాకా వచ్చింది. తల్లీ, జడలేసిందని చెప్పానే, వెయ్యనివ్వలేదు నేను, నా వల్లే నువ్వు చూడలేదు. ఇంతే కదా. ఇంత చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట విన్న సంతోషమో, అది మళ్ళీ పోతుందేమోనన్న బెదురో, నా నోరు దాని దారిన అది తెరుచుకుంది.

"ఉన్నదున్నట్టే చెప్పానమ్మా."

అది నా మొహం చూసింది. పని చేసేటప్పుడు అద్దాన్ని వెలుతురుకి పెట్టి గీత ఉందా లేదా అని చూస్తుందే, అలా. తర్వాత తల ఊపి మెట్లు దిగిపోయింది. తడినేల మీద చెప్పుల గుర్తులు పడ్డాయి. నేను వాటిని తుడవలేదు, అవే ఆరిపోయాయి.

శుక్రవారం వచ్చింది. తీసేసిన కాయితాల కట్ట మిషను పక్కన పెట్టారు. నా నెంబరు నాకు తెలుసు, నలభై ఒకటి. దాని కింద దానిది, నలభై ఒకటి, పక్కన చిన్న గీత. నావి రెండు కాయితాలు. దానివి ఆరు. నీలం సిరా. అంకెలు చూసుకుంటూ పోయాను. పదిహేను దగ్గర ఒక వరస. పదహారు దగ్గర రెండు. పదిహేడు దగ్గర పేజీన్నర.

పేజీన్నర. మా ఇంట్లో పదకొండేళ్ళు కలిపినా అంత లేదు. అది నా గురించి. నా చేతుల్లో ఉంది. ఒక్క ముక్క కూడా నాకు రాదు.

కిందికెళ్తే చేపల మేడమ్ చదివిపెడుతుంది. జేబులో పెట్టుకోవచ్చు, రోజుకో మాట ఒక్కొక్కర్ని అడిగి కూడబెట్టుకోవచ్చు. గంటసేపు నిలబడ్డాను. కానీ మీ నాన్నకి తెలీదు అని ఆ పిల్లకి ఒకరు మాటిచ్చారు. దానికిచ్చిన మాట ఒక్కటైనా ఈ భూమ్మీద నిలబడాలి కదా. ముందు నావి రెండూ వేశాను. తర్వాత దానివి ఒక్కొక్కటే. పదిహేడు ఉన్న కాయితం లోపలికి వెళ్తున్నప్పుడు మిషను ఏమీ వేరేగా అరవలేదు. నేను ఏ కథా అల్లలేకపోయాను దాని గురించి, ఇప్పటికీ.

నెలాఖరు ఆదివారం. ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట, అద్దాలు తుడిచే గుడ్డల సంచి. పెట్టె నేనే మోశాను వీధి మలుపు దాకా. అప్పటికి నేనొకటి నిశ్చయించుకున్నాను. నోరు తెరిస్తే అబద్ధమే వస్తుంది, కాబట్టి తెరవను. ఆ చేపలాగా. బస్సు వచ్చింది. పెట్టె ఎక్కించాను. అది మెట్టు మీద ఒక కాలు, కింద ఒక కాలు పెట్టి ఆగింది. వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది. కండక్టరు, "ఎక్కమ్మా, ఎక్కు" అన్నాడు. అది ఎక్కలేదు.

నేను దవడలు బిగబట్టుకున్నాను.

"రెండు జడలు" అంది. "ఆ రోజు గదిలోనే మేడమ్ అడిగింది నన్ను, మీ నాన్న చెప్పిన ఇది నిజమా అని. ఆ ఒక్కటీ కాదనలేకపోయాను. కలిసిన వాటిలో వెయ్యమన్నాను. సారు ఒప్పుకోలేదంట."

ఏదో ఒకటి అనమని చూస్తోంది. అబద్ధమైనా సరే అన్నట్టు చూస్తోంది. నేను మాత్రం నోరు గట్టిగా మూసుకుని, బుద్ధిమంతుడిలా తల ఊపాను.

అది ఎక్కేసింది. బస్సు కదిలింది.

ఆ మలుపు నుంచి మా ఇంటికి ఎంత దూరమో తెలుసా? నూటపది అడుగులు. కొలిచాను. ఎక్కువా కాదు, తక్కువా కాదు.