కాళ్ళు దాచుకునే వారం

డెలిత్ ప్రైస్‌కి అనుమానం జాస్తి. హోటల్లో ఉడికించిన గుడ్డు పెడితే నాలుగు వైపులా తిప్పి చూశాక గానీ పెంకు ఒలవదు. అలాంటి మనిషికి ఆ ఉదయం భోజనాల గదిలో బ్లాంకా కనిపించింది. ప్రపంచంలో మొదటి ఇరవై మందిలో ఉన్న బ్లాంకా, ఇంకాసేపట్లో తనతో టెన్నిస్ మ్యాచ్ ఆడాల్సిన బ్లాంకా, తీరిగ్గా నిమ్మకాయ కేకు తింటోంది. అదీ రెండో ముక్క.

"చూశావా?" అంది డెలిత్, పక్కన టీ ఊదుకుంటున్న కోచ్ హ్యూతో.

"చూశాను. బాగున్నట్టుంది. నేనూ ఓ ముక్క తెచ్చుకోనా?"

"మ్యాచ్ ముందు కేకు ఎవరు తింటారు హ్యూ? ఓడిపోయి పోదామనే వచ్చింది."

"ఆకలేసినవాళ్ళు తింటారు. నువ్వు ముందు ఆ గుడ్డు తిను పిల్లా, చల్లారిపోతోంది."

డెలిత్‌ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. వింబుల్డన్‌కి ముందు సముద్రపు ఒడ్డు ఊళ్ళలో పచ్చిక మీద జరిగే ఈ చిన్న టోర్నీల సంగతి అక్కడ ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్ళకి కూడా తెలుసు. పెద్ద పెద్దవాళ్ళు వస్తారు, గడ్డి మీద బంతి ఎంత లేస్తోందో చూసుకుంటారు, ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడి మెల్లగా జారుకుంటారు. పెళ్ళి ముందు పెట్టుకుని పేరంటంలో కాళ్ళు అరగదీసుకోవడం దేనికి? ఆ వారంలో అందరూ కాళ్ళు దాచుకుంటారు. పైకి మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

రెండేళ్ళ కిందట ఇదే ఊళ్ళో పెద్ద పేరున్న ఒకామె డెలిత్‌తో ఆడుతూ మడమ పట్టుకుని కూలబడింది. మర్నాడే ఆవిడ లండన్‌లో సాధన చేస్తూ లేడిపిల్లలా గెంతింది. డెలిత్‌ది దానంగా వచ్చిన గెలుపని పత్రికలు రాశాయి. ఆ ఏడాది ఆమెకి వింబుల్డన్ వైల్డ్ కార్డ్ రాలేదు. డెలిత్‌లా ర్యాంకు చాలని తమ దేశపువాళ్ళకి నిర్వాహకులు తామే ఎంచి ఇచ్చే చోటు అది. ఈసారి అలాంటి చోటు ఇంకొక్కటే మిగిలింది. డెలిత్‌కి ముప్పై రెండు నిండాయి, భుజం మాట వినడం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కలలుగన్న ఆ కోర్టులో ఒక్కసారన్నా ఆడాలంటే ఇదే ఆఖరి దారి. పేర్లు ఎంపిక చేసే మిసెస్ ఆల్డస్ ముందురోజు కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

"నాకు దానాలొద్దు డెలిత్. నిజంగా ఆడేవాళ్ళతో నువ్వెలా ఆడతావో చూడాలి. రేపు సాయంత్రం పేరు పంపేస్తా."

మ్యాచ్ మొదలైంది. సముద్రం మీంచి ఈడ్చికొట్టే గాలి. మోకాళ్ళ మీద దుప్పట్లు కప్పుకుని ముసలివాళ్ళు, ముందు వరసలో మిసెస్ ఆల్డస్, ఆమెతో ఎంపిక కమిటీవాళ్ళు. డెలిత్ కోసినట్టు కొట్టిన ప్రతి బంతీ గడ్డి మీద పాములా జారిపోతోంది. బ్లాంకా వంగేసరికే దాటిపోతోంది. మొదటి సెట్టు 6-2, డెలిత్‌దే. వేరెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్ళు. డెలిత్ ముఖం మాత్రం ఆముదం తాగినట్టు పెట్టుకుంది. ఇంత తేలిగ్గా ఎలా వస్తుంది? బ్లాంకా కోచ్ ఆవులిస్తున్నాడు, చూశావా? ఆ బంతికి ఆవిడ అడుగు కూడా కదపలేదేం?

"ఏమిటా ముఖం? గెలుస్తున్నావు!" అన్నాడు హ్యూ, ఆమె తువ్వాలు కోసం వచ్చినప్పుడు.

"గెలిపిస్తోంది."

"నీ తలకాయ! బంతి చూసి కొట్టు."

"ఆల్డస్ చూస్తోంది హ్యూ. మళ్ళీ దానమే అంటారు."

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా. రెండో సెట్టులో 3-1తో ముందుండగా డెలిత్ నెట్‌కి దగ్గరగా చిన్న బంతి వేసింది. బ్లాంకా నిలబడి చూసింది, అంతే. డెలిత్ ఓపిక నశించింది. తిన్నగా అంపైర్ కుర్చీ దగ్గరికి నడిచింది.

"ఆవిడ ఆడట్లేదండీ. కావాలనే వదిలేస్తోంది. మీరు అడగరా?"

"నాకలా ఏమీ కనిపించలేదు మిస్ ప్రైస్. ఆట కానివ్వండి."

గొంతు తగ్గించే అంది గానీ, అంత చిన్న కోర్టులో ఏ మాటా దాగదు.

"ఏమంటోందీ అమ్మాయి?" అని ముందు వరసలో ఒక ముసలావిడ మొగుణ్ణి అడిగింది.

"తను గెలుస్తోందని ఫిర్యాదు చేస్తోంది," అన్నాడాయన.

బ్లాంకా విన్నది. ఆమె చెవుల దాకా ఎరుపెక్కింది. ఆ తర్వాత ఆమె పరుగెత్తని బంతి లేదు. మొదట్లో డెలిత్ సంతోషించింది, ఇప్పుడు గెలిస్తే ఎవరూ వంక పెట్టలేరని. ఆ సంతోషం రెండు గేములు కూడా నిలవలేదు. ఇదీ నాటకమేమో, మళ్ళీ ఎప్పుడు వదిలేస్తుందోనని ఆమె బంతిని మానేసి బ్లాంకానే చూడసాగింది. రెండో సెట్టు పోయింది. మూడోది పోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

నెట్ దగ్గర బ్లాంకా ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఈ ఏడాది గడ్డి మీద ఒక్క మ్యాచ్ గెలవలేదు నేను. లండన్ వెళ్ళేలోపు ఒక్కటన్నా గెలుద్దామని వచ్చా. నీ బంతి నాకు అందలేదు తల్లీ! చేతకాక నిలబడ్డాను. ఇక వల్లకాదు, ఇంటికి పోదామనుకున్నా. నీ మాటకి ఒళ్ళు మండి ఆడాను."

డెలిత్ చెయ్యి విడిపించుకుంది. సంచి భుజాన వేసుకుని బయటికొస్తుంటే మిసెస్ ఆల్డస్ దుప్పటి మడతపెట్టుకుంటోంది.

"మొదటి సెట్టు చూశాకే నీ పేరు ఖాయం చేసుకున్నా. ఆ తర్వాత ఓడినా పంపేదాన్నే," అంది ఆవిడ. "కానీ అది ఆటే కాదని అందరి ముందూ నువ్వే చెప్పావు. కమిటీలో అందరూ విన్నారు. నీ మాట కాదని నేనేం చెప్పను?"

కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. డెలిత్ బల్లల వెనక చెక్క మెట్ల మీద కూలబడింది. హ్యూ వచ్చి పక్కన కూర్చున్నాడు, తిట్టలేదు.

"హ్యూ, ఆ మొదటి సెట్టు... నిజంగా బాగా ఆడానా?"

"చిన్నప్పటి నుంచీ చూస్తున్నా నిన్ను. అంత బాగా ఎప్పుడూ ఆడలేదు."

ఓదార్చడానికి అంటున్నాడేమోనని ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. అతను అబద్ధం చెప్పడం లేదు. అప్పుడొచ్చింది ఏడుపు.