పసరుకట్టు కింద

పసరు కట్టాక గుడ్డు పనికిరాదని అచ్చయమ్మ, డాక్టరు తినమన్నాడు కదా అని ఆవిడ కొడుకు చలపతి పొద్దున్నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. ఉడికిన గుడ్డు పళ్లెంలో చల్లారిపోయింది. తినవలసిన కృష్ణవేణిని మాత్రం ఎవరూ అడగలేదు.

"డాక్టరు తినమంటాడు, నూకయ్య వద్దంటాడు. ఇద్దరి మాటా వినాలంటే నీ పెళ్లాం సగం గుడ్డు తినాలిరా," అంది అచ్చయమ్మ.

కోడలి మెడకి గడ్డలు లేచినప్పుడు కొత్తపేట డాక్టరు అవి క్షయ గడ్డలన్నాడు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, ఎవరికీ అంటదు, కాని ఏడాదిన్నర మందు వాడాలన్నాడు. మధ్యలో మానినా, తిండి తగ్గినా, నాటువాళ్లతో కోయించినా చీము పట్టి, మానని పుండవుతుందని గట్టిగా చెప్పాడు. నాలుగో నెలకి గడ్డలు అణిగాయి. రోజూ సూదిమందుకి కాంపౌండరు ఇంటికొస్తుంటే తమ దగ్గర పూతరేకులు కొనేవాళ్లు ఎందుకని ఆరా తీయసాగారు. క్షయ మాట బయటపడితే ఆత్రేయపురంలో తమ రేకు ఎవరు ముట్టుకుంటారని అచ్చయమ్మ మందు మాన్పించేసింది.

ఇప్పుడు ఒక గడ్డ మళ్లీ లేచింది. నాటువైద్యుడు నూకయ్య పసరు కట్టి, చప్పిడి పథ్యం పెట్టాడు. గట్టిగా ఉన్న గడ్డ మెత్తబడింది. పండుతోందని అచ్చయమ్మ సంతోషించింది. రేపు అతనొచ్చి కోస్తాడు.

రేపటిని తలుచుకుంటే కృష్ణవేణికి పుట్టింటి ఊళ్లోని బుల్లెమ్మ పిన్ని గుర్తొస్తోంది. ఆవిడకీ ఇలాగే కోశారు. ఆ పుండు పూడలేదు, పక్కనే ఇంకోటి పడింది. మెడకి గుడ్డ చుట్టుకుని, పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా వసారాలోనే పోయిందావిడ. ఈ సంగతి భర్తకి చెప్పింది. అతనూ భయపడ్డాడు గాని, తల్లి ముందు అతని మాట గుడ్డు దాటి పోలేదు.

కోసే ముందు మెడ కడిగి ఉంచమని నూకయ్య చెప్పాడని, మధ్యాహ్నం అచ్చయమ్మ రేకుల కుండ దగ్గర్నుంచి లేచొచ్చి తనే మొదటిసారి కట్టు విప్పింది. ఆకు అంటుకుపోయి ఉంది. లాగబోయి ఆగి, వేలికొసతో చర్మాన్ని తాకింది. ఏళ్ల తరబడి వేడికుండ మీంచి రేకుని చిరగకుండా లేపిన వేళ్లవి. ఎంత పలచనిది నిలుస్తుందో, ఏది చెయ్యి తగిలితేనే పోతుందో వాటికి తెలుసు. ఆకు వదిలేసి నీళ్ల చెంబు దగ్గరికి లాక్కుంది.

"నొప్పిగా ఉందా?"

"లేదండి అత్తయ్యగారూ. మా బుల్లెమ్మ పిన్నికీ కోసే ముందు నొప్పి లేదండి, ఆ పుండుతోనే పోయింది."

 అచ్చయమ్మ నీళ్లతో తడిపి తడిపి ఆకు తీసింది. ఎర్రబడ్డ చర్మం పగల్లేదు గాని, దాని కింద ఏదో కదలడం ఇద్దరికీ తెలిసింది.

ఆ సాయంత్రం అందరూ అన్నాలకి కూర్చున్నారు. రేపు నూకయ్యకి కోడిని కొయ్యాలా అని మామగారు అడిగారు.

"అక్కర్లేదండి. రావద్దని కబురంపేను," అంది అచ్చయమ్మ అన్నం వడ్డిస్తూ. "పొద్దున్నే అమ్మాయిని కొత్తపేట తీసుకెళ్తున్నాను. మందు పూర్తయ్యేదాకా అక్కడే ఓ గది తీసుకుని ఉంటాం. రేకుల కోసం ఎవరొచ్చినా, కోడలికి క్షయ గడ్డలండి, వైద్యానికెళ్లేరండి అని చెప్పండి."