ఇద్దరికీ ఒకటే ఖాకీ చొక్కా

ఆనంద్‌కు పెళ్లాం మీద కుళ్లు. ఆమె ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుందని కాదు. తన ఆటోను తనకంటే బాగా తోలుతుందని. ఈ మాట ఎవరితోనైనా చెప్పుకోగలడా? స్టాండులో తెలిస్తే నెల రోజులు నవ్వుకుంటారు. అందుకని లోలోపలే ఉడికిపోయేవాడు.

వాళ్లది పెనుకొండ నుంచి సోమందేపల్లికి తిరిగే షేర్ ఆటో. పొద్దున ఆనంద్, మధ్యాహ్నం నుంచి పవిత్ర. డ్రైవరు ఒంటి మీద ఖాకీ చొక్కా లేకపోతే పోలీసులు ఆపుతారు. ఇంట్లో ఉన్నది ఒకటే చొక్కా. రెండోది కుట్టించమని పవిత్ర అడిగినప్పుడల్లా "కుట్టిద్దాంలే" అనేవాడే గానీ, దర్జీ కొట్టు వైపు కాలు కదిపితే ఒట్టు. అతను విప్పి ఇస్తే ఆమె చీర మీద తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడిచి బండెక్కేది.

"ఏమప్పా ఆనందా, ఆ చొక్కా నీకంటే మా చెల్లెలికే బాగుండాది," అని తోటి డ్రైవరు ఓబుళప్ప ఒకరోజు అననే అన్నాడు. ఆనంద్ నవ్వాడు. ఆ నవ్వు ఎంత కష్టపడి నవ్వాడో దేవుడికే తెలియాలి.

అసలు మంట కూరగాయలమ్మే ఆడవాళ్లతో వచ్చింది. వెనక సీటు నిండితే డ్రైవరు పక్కన ఇరుక్కోవాలి. ఆనంద్ పక్కన ఏ ఆడమనిషీ కూర్చోదు. పవిత్ర పక్కనైతే ఒళ్లో గంప పెట్టుకుని, కోడలి మీద చాడీలు చెప్పుకుంటూ హాయిగా పోతారు. అందులో నాగక్క మరీను. ఒకరోజు పొద్దున ఆటో దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, "ఓ, నువ్వా? పాప రాలేదా?" అని వెనక్కి తిరిగింది. నాగక్క నోట పాపంటే పవిత్రే. నువ్వా అట! ఆ రోడ్డులో ప్రతి గుంతా ఎరిగిన మనిషిని పట్టుకుని ఆ మాటంటే ఒళ్లు మండదూ?

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే కూర్చున్నాడు.

"కొత్త రూలు వచ్చిందంట. ఆడోళ్లు చీర కట్టుకొని ఆటో తోలకూడదంట. కొంగు జారితే నలుగురిలో అసభ్యమంట. కేసు రాస్తారంట," అన్నాడు.

పవిత్ర ధర్మవరంలో మగ్గం ఇంటి పిల్ల. ఆమె ముఖం ఎర్రబడింది. "మా నాయన నేసే చీరా అసభ్యం?" అంది. "పోలీసోళ్లు నిజంగానే చెప్పినారా?" అని అడిగింది.

"అబద్ధం చెప్పేకి నాకేమన్నా పిచ్చా?"

నమ్మింది. ఇన్నేళ్లు పోలీసులతో వేగిన మనిషికి తెలియని రూలు ఇంకెవరికి తెలుస్తుందనుకుంది. ఆ పూట కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ ఇంట్లో ఉండిపోయింది.

ఆనంద్‌కు పండగే. రెండు పూటలా బండి తనదే. అయితే ఏం లాభం? "పాప యాడ?" "పాపకు ఒంట్లో బాగలేదా?" ఎక్కినవాళ్లందరిదీ ఇదే పాట. బండిలో లేని మనిషి మీద కూడా కుళ్లుకోవాల్సి వచ్చింది ఆ మహానుభావుడికి.

ఇలా కొన్నాళ్లు గడిచాయి. ఒక పొద్దున అతను టీ తాగుతుంటే పవిత్ర వచ్చి ఎదురుగా నిలబడింది.

"స్టేషన్‌కు పోదాం పా. చీర కాకుంటే ఏం కట్టుకోవాలో వాళ్లనే అడుగుతా. ప్యాంటంటే ప్యాంటే. నేను బండి తోలకుండా ఉండలేనబ్బా."

ఆనంద్‌కు పొలమారింది. "రేపు పోదాంలే" అన్నాడు. "ఆడోళ్లు స్టేషన్ మెట్లెక్కితే ఏమనుకుంటారు" అన్నాడు. ఆమె అప్పటికే పోయి ఆటో వెనక సీట్లో కూర్చుంది. అతను చొక్కా తగిలించుకుని బండి తీయక తప్పలేదు.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ మరియమ్మ అంతా విని పకపకా నవ్వింది.

"చీరో, చుడీదారో నీ ఇష్టమమ్మా. పైన ఖాకీ చొక్కా ఉంటే చాలు. దినమూ చూస్తాండా కదా, గుండీలన్నీ పెట్టుకొని తోలేది నువ్వొక్కదానివే. లుంగీ ఎగ్గట్టుకొని బనియన్లతో తిరిగే మగోళ్లకు చెప్పాల సిగ్గు సంగతి." అంతలో నవ్వు ఆపేసింది. "ఇంతకూ నీకీ రూలు చెప్పిందెవరు? పేరు చెప్పు, పిలిపిస్తా."

ఆనంద్ గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు. పవిత్ర అతని వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులోనే ఆమెకు అంతా అర్థమైపోయిందని అతనికి తెలిసిపోయింది.

"స్టాండులో ఎవరో అనుకుంటా ఉన్నారు మేడం," అంది.

నలుగురిలో తిట్టినా బాగుండేది. ఆ మాటతో అతను నిలువునా నీరుగారిపోయాడు.

బయటికి రాగానే ఆమె చెయ్యి చాపింది. "చొక్కా ఇయ్యి."

"ఇంటికి పోయినాక ఇస్తాలే..."

"ఈడనే."

నడిబజారులో విప్పి ఇచ్చాడు. చిల్లుల బనియనుతో వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు. పవిత్ర గుండీలన్నీ పెట్టుకుని బండి తీసింది. సర్కిల్ దగ్గర నాగక్క చూసి, "వచ్చినావా తల్లీ!" అంటూ పరుగెత్తుకొచ్చి ముందు సీట్లో కూర్చుంది. వెనక్కి చూసి మూతి తిప్పింది.

"ఏమప్పా, ఆడోళ్లు ఎక్కే బండిలో ఆ అవతారమేంది? సిగ్గుండొద్దా?"

పవిత్ర నవ్వలేదు. బండి కుదుపు లేకుండా గుంతల పక్కనుంచి సాగిపోతోంది. ఇంత జరిగినా, ఆ సిగ్గులో కూడా, ఎంత బాగా తోలుతోంది అని ఆనంద్ కడుపు మండింది.

వాళ్ల ఇంటి సందు దగ్గర ఆమె బండి నెమ్మది చేసి, అద్దంలోంచి చూసింది.

"యాడ దిగుతావు?" అంది, ముక్కూ మొహం తెలియని ప్యాసింజర్‌ను అడిగినట్టు.

"ఇంటికే కదా..." అని నసిగాడు.

"ఇంటికైతే ఈడ దిగి నడువు. ఈ బండి సోమందేపల్లికి పోతాది."