వంటగది కిటికీ ఎత్తు

టేపు ఎక్కడ పెట్టానా అని ఆమె కుట్టుమిషను కిందంతా వెతికింది. తీరా చూస్తే అది వాళ్ళాయన మెడలో ఉంది. పదహారేళ్ళుగా వీధిలోవాళ్ళ జాకెట్లూ ప్యాంట్లూ కొలిచి ఆమె ఇల్లు నడిపిన టేపు.

"కొత్తింటి కిటికీలు ఏ ఎత్తున పెట్టాలో చూసుకుంటున్నాం. రా, పట్టుకో," అన్నాడు కాలు మీద కాలేసుకుని.

హాల్లో కుర్చీలో కూర్చుంటే ఆయనకి వీధి కనిపించాలట. నేల నుంచి ఆయన కంటిదాకా కొలిచింది. అత్తగారు మంచమ్మీద పడుకుని చూపించింది. దిండు మీద తల పెట్టగానే గేటు కనబడాలి మరి! ఎవరొచ్చారో ఎవరు వెళ్ళారో ఆవిడకి తెలియకపోతే లోకం ఆగిపోదూ? మరిది చదువుకునే బల్లకి ఎడమవైపు నుంచి వెలుగు రావాలి. ఆ బల్ల దగ్గర అతగాడు ఫోను తప్ప మరొకటి చదివిన పాపాన పోలేదు. వంగి కొలిచింది ఆమె, కాయితం మీద దర్జాగా రాసింది ఆయన.

"మరి వంటగదికో?" అని అడిగింది.

"ఐదున్నర అడుగుల పైన చిన్నదొకటి చాలు. పక్కింటివాళ్ళకి మన వంటిల్లు కనబడకూడదు."

"పొగ పోతే చాలదూ?" అంది అత్తగారు.

"పొగ పోతుంది. నేనెటు పోను?"

ముగ్గురూ పడీపడీ నవ్వారు. "అంత చూడాలనుంటే పీటేసుకో," అన్నాడు ఆయన. ఆయన ఆరడుగుల మనిషి, ఆమె ఐదడుగులకి అంగుళం తక్కువ.

ఇప్పుడున్న వంటింట్లోనూ పొయ్యికెదురుగా గోడే. దాని మీద ఏ నూనెమరక ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. మిగిలిన బతుకంతా ఇంకో గోడని చూస్తూ గడపాలా? పెళ్ళైన కొత్తలో ఆయనంటే భయం ఉండేది, తర్వాత కోపం వచ్చేది. ఇప్పుడు జాలి కూడా రావడం లేదు, రోత పుడుతోంది. మూడు పూటలా అన్నం వచ్చే గదిలో ఒక్కనాడూ పావుగంట నిలబడని మనిషి, దాని కొలతలు చెప్తున్నాడు! మనిషిని చూడకుండా గుడ్డ కత్తిరిస్తే దర్జీని తిట్టిపోస్తారు. ఈయన్ని మాత్రం ఇంటి యజమాని అంటారు.

మర్నాడు ఆ కాయితం మేస్త్రీకి ఇచ్చి రమ్మన్నాడు. తనకి పనుందట. పేపరు చదవడం ఆ పని.

లేస్తున్న వంటగది గోడల మధ్య నిలబడి మేస్త్రీ కాయితం చూశాడు, ఆమెని చూశాడు. "ఇంత పైనైతే మీకందదమ్మా. సారుకి చెప్పకుండా రెండడుగులు దించేయనా?"

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. తను వండే గదిలో తనకి దొంగచాటుగా కిటికీయా? ఛీ.

"వద్దు. ఆయన చెప్పినట్టే పెట్టండి. పొయ్యి పెట్టే గట్టు మాత్రం నలభై రెండు అంగుళాల ఎత్తున కట్టండి."

"నలభై రెండా! మీ గుండెలదాకా వస్తుందమ్మా."

"ఆయన నడుముదాకా వస్తుంది. ఆయన ప్యాంటు పొడవు నాకు నోటికొచ్చు."

మేస్త్రీ సుద్దముక్కతో గోడ మీద గీత గీశాడు. "సారు వంట చేస్తారామ్మా?"

"కొత్తింట్లో దిగిన రోజు నుంచీ చేస్తారు," అంది ఆమె, టేపు చుట్టి సంచిలో వేసుకుంటూ. "ఆ సంగతి ఆయనకింకా తెలీదు."